కలివి గంపకు బీయస్సీ సర్టిఫికెట్

నేను చదువుకునే కాలంలో మా వైపు ఏ పార్టీకీ చెందనివి రెండే ఉండేవి. ఒకటి ఎండ, రెండోది మేకలు. ఎండ రెండు వర్గాల వాళ్ళనూ తేడా చూడకుండా మాడ్చేది, మేకలు రెండు వర్గాల చేలనూ తేడా చూడకుండా మేసేవి. తక్కిన ప్రతిదానికీ పార్టీ ఉండేది. మా ఊరు ఒక వర్గం, గుట్ట అవతలి ఊరు ఇంకో వర్గం. రెండూళ్ళకూ బస్సు ఆగే క్రాసు ఒకటే కాబట్టి అక్కడ టీ అంగళ్ళు రెండు, మంగలి అంగళ్ళు రెండు, సారాయి అంగళ్ళు రెండు (సారాయి మాత్రం రెంటికీ ఒకే చోటినుంచి వచ్చేదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు). ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో డ్రైవరు వెనక వరుస మాది, ఎదుటి వరుస వాళ్ళది. మా వరుస నిండిపోయి వాళ్ళ వరుస ఖాళీగా ఉంటే మా వాళ్ళు నిలబడి పోయేవారు గాని కూర్చునేవారు కాదు. మా నాయకుడు ఒక పార్టీలో ఉంటే వాళ్ళ నాయకుడు రెండో పార్టీలో ఉండేవాడు. ఒకసారి ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే వారంలో పార్టీలు మారారు. దాంతో రెండూళ్ళ కుర్రాళ్ళూ ఒక్క పూటలో గోడల మీది గుర్తులన్నీ చెరిపి మళ్ళీ రాసుకోవలసి వచ్చింది. పగ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, సున్నమే దండగ. అప్పటికే రెండు వైపులా మనుషులు పోయారు. అందులో నవ్వడానికేమీ లేదు కాబట్టి దాని జోలికి పోను.

గుట్ట అవతలి ఊరు మా పెద్దమ్మ మెట్టినూరు. అక్కాచెల్లెళ్ళు దగ్గర దగ్గరగా ఉంటే ఒకరికొకరు తోడుంటారని మా తాత అమ్మను గుట్టకు ఇటువైపూ పెద్దమ్మను అటువైపూ ఇచ్చాడు. ఆ గుట్ట నిండా కలివి పొదలు. జానెడు మనిషి లోపలికి దూరితే బయటికి రాలేనంత దట్టం, కొమ్మకొమ్మకూ ముల్లు. ఎండాకాలం మొదట్లో మల్లెల్లాంటి తెల్లని పూలు పూసి గాలి వీచిన వైపుకల్లా వాసన కొట్టేది. తొలకరి నాటికి పిందెలు ఎర్రబడి, ఆపైన నల్లగా నిగనిగలాడే పండ్లయ్యేవి. పండు తుంచిన చోట తెల్లని పాలు కారతాయి, పెదవులకు బంకలా అంటుకుంటాయి. కాస్త ఉప్పునీళ్ళలో వేసి తీస్తే ఆ బంక పోతుంది. తిన్నవాడి నాలుక ఆ రోజంతా నేరేడు పండ్లు తిన్నట్టు నల్లగా ఉంటుంది. పచ్చికాయలైతే పచ్చిమిరపకాయలతో నూరిన పచ్చడికీ, పప్పులోకీ, ఏడాదంతా నిలిచే ఊరగాయకూ. నా చిన్నప్పుడు అమ్మ, పెద్దమ్మ ఆ పండ్ల కాలంలో గుట్ట మీద కలుసుకునేవారు. అమ్మ పొద కింద పాతచీర పరిస్తే పెద్దమ్మ కట్టెతో కొమ్మలను మెల్లగా తట్టేది. గట్టిగా కొడితే పచ్చివి కూడా రాలతాయని అమ్మ తిట్టేది. ఇంటికి తెచ్చే పండ్ల కంటే అక్కడ చెప్పుకునే మాటలే ఎక్కువ. గొడవలు మొదలయ్యాక గుట్ట నడినెత్తిన గీత గీసినట్టు ఇటు వాలు మాదీ అటు వాలు వాళ్ళదీ అయింది. అక్కాచెల్లెళ్ళు కలుసుకోక నాలుగేళ్ళయింది. పెద్దమ్మ కూతురి పెళ్ళికి కూడా అమ్మ పోలేకపోయింది. ఆ రోజు గుట్టెక్కి, మా వాలులోనే ఒక బండ మీద కూర్చుని, అవతలినుంచి వచ్చే మేళం విని దిగివచ్చింది. మేళం బాగుందని మాత్రం నాన్నతో చెప్పింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నా బీయస్సీ ఫలితాలు వచ్చిన ఏడాదే రాజీ మాటలు మొదలయ్యాయి. వేంపల్లెలో శెనక్కాయల మండీ నడిపే ఒక సెట్టి రెండు వర్గాలకూ కావలసినవాడు. రెండూళ్ళ శెనక్కాయలూ ఆయన మండీకే పోవాలి. గొడవల వల్ల బండ్లు కదలక ఆయన వ్యాపారం కుంటుపడింది. శాంతి మీద అంత గట్టి ఆసక్తి ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నెల రోజులు అటూ ఇటూ తిరిగి సెట్టి అన్నీ ఒప్పించాడు: కేసులు వెనక్కి తీసుకోవాలి, గుట్ట మీద ఎవరి మేకలైనా మేయవచ్చు, గుట్ట దారి తెరిచి ఆడవాళ్ళూ చుట్టాలూ రాకపోకలు సాగించవచ్చు. ఇక రాజీకి గుర్తుగా ఒకరి తిండి ఒకరు తినాలి, అది మా వైపు పద్ధతి. అక్కడే చిక్కు వచ్చింది. లడ్లు అంటే అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసునన్నారు. అరటిపండ్లు అంటే మందు పెట్టి మాగబెట్టి ఉంటారన్నారు. టెంకాయ అంటే సూదితో లోపలికి ఏమైనా ఎక్కించవచ్చని ఒకాయన చెప్పాడు (ఆయన కొన్నాళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేశాడు, సూది అంటే ఆయనకు అపారమైన గౌరవం). చివరికి దారి చూపించింది మేకల అవ్వ. మేకలు కాచుకునే ఆ ముసలామె ఏ వర్గానికీ చెందదు. గుట్ట మీది కలివి పండ్లు ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ వండలేదు, వాటిలో ఎవరేం కలుపుతారని అంది. అందరూ ఔనన్నారు. వాళ్ళ వాలు పండ్లు మేం తినాలి, మా వాలు పండ్లు వాళ్ళు తినాలి. వాళ్ళ పండ్లు మాకు అవ్వ తెస్తుంది, మా పండ్లు వాళ్ళకు అవ్వ కోడలు మోసుకుపోతుంది. ఒకే రోజు, ఒకే పొద్దుకు.

ఆ రోజు కోసం అమ్మ వారం ముందునుంచే సంచి సర్దుకుంది. అందులో పెళ్ళినాడు ఇవ్వలేకపోయిన చీర, జొన్నరొట్టెలు, ఒక సీసా నిండా నూనె, ఇంకా ఏమేమో ఉన్నాయి. తెల్లవారేసరికి స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. గంప తిన్నారని కబురు రాగానే గుట్ట దారి పట్టాలి. నాన్న ఎగతాళి చేస్తే, నువ్వు సినిమాకు పోయేటప్పుడు టిక్కెట్టు దొరకదేమోనని ముందే పోయి నిలబడవా అంది.

ఇక నేను. మా నాయకుడిని ఊరంతా ముందర మామా అనేవారు, వెనకాల కుర్చీ మామ అనేవారు. ఆయనకు ఒక ఇనుప కుర్చీ ఉండేది. ఎక్కడికి పోయినా ఒకడు దాన్ని మోసుకుపోవలసిందే. గోడకు వెన్ను ఆనించి దానిలో తప్ప ఇంకెక్కడా కూర్చునేవాడు కాదు. పెళ్ళిలోనూ అంతే, చావింట్లోనూ అంతే. ఆయన అమ్మకు వరసకు అన్న. గంప వచ్చే రోజున నన్నూ హాజరు కమ్మని కబురు పెట్టాడు. మా ఊళ్ళో బాటనీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. ఆ చదువు వైభవం కూడా చెప్పాలి. ప్రొద్దుటూరులో మూడేళ్ళు చదివాను. ప్రాక్టికల్ పరీక్షలో సీసాల్లో ఉంచిన మొక్కలను చూసి పేర్లు రాయాలి. మూత పగిలిన సీసాలో ఒకటి, నీలి మరక ఉన్న సీసాలో ఇంకొకటి అని మేం మొక్కలకు బదులు సీసాలను బాగా చదువుకున్నాం. మా ముందరి ఏడు ఎవరో ల్యాబు శుభ్రం చేసి సీసాలు మార్చారట, ఆ ఏడు సగం క్లాసు తప్పింది. అలా పాసయిన నేను, మెడలో భూతద్దం వేలాడేసుకుని, కుర్చీ మామ వాకిట్లోకి అడుగుపెట్టాను. జమ్మలమడుగు కాలేజీలో ఒక ఖాళీ ఉందనీ, మామ ఒక్క మాట చెబితే చాలనీ నాకు తెలుసు. ఆ మాట మామ చేత చెప్పించుకోవడానికి ఇదే మంచి సమయమని కూడా అనుకున్నాను.

వాకిట్లో ముప్పై మంది మగవాళ్ళు. గోడ వార ఇనుప కుర్చీలో మామ. పక్కనే ఈతచాప మీద సెట్టి. మధ్యలో మేకల అవ్వ దించిన గంప. పైన కప్పిన గుడ్డ తీస్తే నల్లనివి, ఎర్రనివి, అక్కడక్కడా పచ్చివి, అప్పుడే కోసిన కలివి పండ్లు. తొడిమల దగ్గర తెల్లని పాలు ఇంకా ఆరలేదు. వాకిట్లో ఉన్న ప్రతివాడూ చిన్నప్పటినుంచి దోసిళ్ళతో తిన్న పండు అది. నేనూ తిన్నాను. కానీ అవతలి ఊరినుంచి వచ్చిందనేసరికి ఆ పాలను చూసి ఒకడు వెనక్కి జరిగాడు, ఇంకొకడు ఇంత పాలు ఎప్పుడూ చూడలేదన్నాడు. మామ నావైపు చూసి, ఒరే బీయస్సీ, ఇవేందో సూసి చెప్పు అన్నాడు. ముప్పై మంది చూపులూ నామీదికి తిరిగాయి.

ఇవి కలివి పండ్లు మామా, తినండి అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఆ మాట చెప్పడానికి బీయస్సీ ఎందుకు, మేకలు కాచే ఎవరైనా చెబుతారు కదా అనిపించింది. చదువుకున్నవాడికి ఆ చదువు కనిపించేలా ఏదో ఒకటి అనకపోతే నామోషీ. బ్లేడు అడిగాను. గిన్నెలో నీళ్ళు అడిగాను. పండును అడ్డంగా కోసి, భూతద్దంతో గింజలు లెక్కపెట్టి, ఆకును ఎండకు పట్టి చూసి, పాలు ఒక చుక్క గోటి మీద వేసుకుని వాసన చూశాను (ఏ వాసనా లేదు, అయినా తల పంకించాను). ఆపైన గొంతు సవరించుకుని, దీన్ని శాస్త్రంలో కరిస్సా అంటారనీ, అపోసైనేసీ అనే కుటుంబంలో చేరుతుందనీ, ఆ పాలే దానికి గుర్తనీ, గన్నేరు కూడా అందులోదేననీ, అంటే దీనికి గన్నేరు దగ్గరి చుట్టమవుతుందనీ చెప్పాను.

గన్నేరు కాయ నూరి తాగి పోయినవాళ్ళు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పసిపిల్లలకు కూడా తెలిసిన విషం అది. కుర్చీ మామ కుర్చీలోనే ఇంకాస్త వెనక్కి జరిగి, గన్నేరుకు సుట్టమా అని మెల్లగా అడిగాడు. శాస్త్రం ప్రకారం అంతే మామా, కానీ అని నేనేదో అనబోయాను. ఆ కానీ ఎవరికీ అక్కర్లేకపోయింది.

"సుట్టం యాడున్నా సుట్టమేప్పా," అన్నాడు మామ. "పైకి ఎట్లున్నా అక్కరకొచ్చేటప్పుడు ఆ పక్కకే పోతాది. మనం సూడల్యా?"

అందరూ చూసినవాళ్ళే. తల ఊపారు. మా వైపు ఒక మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగరు, ఎవరి చుట్టమని అడుగుతారు. ఆ లెక్కలో కలివి పండు ఆ క్షణంలోనే అవతలి వర్గంలో చేరిపోయింది. మేకల అవ్వకు కోపం వచ్చింది. డెబ్బై ఏళ్ళుగా తింటున్నాననీ, ఈ పిల్లోడు పుస్తకంలో పండ్లు ఎన్ని తిన్నాడో అడగండనీ, కావాలంటే నా మేకకు పెట్టి చూడండనీ అరిచింది. మేక తినడం లెక్కలోకి రాదని, అది జిల్లేడాకు కూడా తింటుందని మామ కొట్టిపారేశాడు. ఎవరో మామ కుక్క ముందు రెండు పండ్లు వేశారు. కుక్క వాసన చూసి ముఖం తిప్పుకుంది. కుక్కలు పండ్లు తినవన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చూశారా, నోరులేని జీవానికి కూడా తెలిసిపోయింది అన్నారు.

సెట్టిని తినమన్నారు. ఆయన నెల రోజుల శ్రమ గంపలో ఉంది. పాపం ఒక పండు చేతిలోకి తీసుకున్నాడు కూడా. దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, ఈ రోజు ఏకాదశి, నాకు ఒక్కపొద్దు అన్నాడు. గంట ముందు క్రాసులో ఆయన ఉగ్గాని, బజ్జీలు తింటుండగా చూసిన వాళ్ళు అక్కడే నలుగురున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, అనుంటే ఆ తర్వాత తమనే తినమంటారని భయం.

అప్పుడు గుమ్మంలో కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. ఏం చేశానో తెలిసొచ్చి నా మాట నేనే వెనక్కి తీసుకోబోయాను. చుట్టాలైనంత మాత్రాన గుణం ఒకటి కాదనీ, టమాటాకు ఉమ్మెత్త దగ్గరి చుట్టమే అయినా రోజూ టమాటా తింటున్నాం కదా అనీ చెప్పాను. ఇంతకంటే తెలివైన ఉదాహరణ నా జన్మలో నాకు తట్టలేదు. మామ ముఖం పాలిపోయింది. వంటింటి వైపు తిరిగి, ఈ పూట చారులో ఏం వేశారని కేకేశాడు. ఆ యింట్లో ఆరు నెలలు టమాటా వండలేదని తర్వాత తెలిసింది. నేనే ఒక పండు తిని చూపిస్తానన్నాను. మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. మొదట నిజం చెప్పి ఇప్పుడు భయపడి మాట మారుస్తున్నాననీ, కోర్టులో కూడా మొదట ఇచ్చిన వాంగ్మూలమే చెల్లుతుందనీ, చదువుకున్న ఒక్క పిల్లోణ్ణి పోగొట్టుకోలేమనీ అన్నాడు. నా ప్రాణం మీద ఊరికి అంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది. ఇక గంప వెనక్కి పంపడమే మిగిలింది. గంప వెనక్కి పోయిందంటే అవమానం. అవమానం తర్వాత ఏం జరుగుతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. గోడ వార నిలబడిన కుర్రాళ్ళు అప్పటికే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

ఈ కబురు ఎవరు మోసుకుపోయారో గాని, కాసేపటికి అమ్మ వచ్చింది. మగవాళ్ళు పంచాయితీ చేసే వాకిట్లోకి ఆడవాళ్ళు రారు. అమ్మ కొత్త చీరతో నేరుగా వచ్చి గంప ముందు నిలబడింది. నా వైపు చూడలేదు. అది తిట్టినదాని కంటే ఎక్కువగా తగిలింది.

"అన్నా," అంది, "గన్నేరుకు సుట్టమైతే ఇదీ ఇసమేనంటాండావంట. మా అక్క వాళ్ళ పక్క ఉండాది. నేను దానికి సుట్టమే. మరి నన్నేంటికి ఈ ఊర్లో పెట్టుకోనుండావు?"

మామ చూపు వంటింటి వైపు పోయింది. ఊళ్ళో ఇంటికొక కోడలు అవతలి ఊరినుంచో, అవతలి వర్గం చుట్టాల నుంచో వచ్చినదే. ఆయన సొంత భార్య కూడా. అమ్మ గంప దగ్గర చతికిలబడి, అవ్వ కొంగున ముడేసుకు తెచ్చిన ఉప్పు తీసుకుని, దోసెడు పండ్లు ఒడిలో పోసుకుంది. ఒక్కొక్కటే తొడిమ తీసి తినడం మొదలుపెట్టింది. నేను ముందుకు పోయాను. అప్పుడు నన్ను చూసింది.

"నువ్వు నా కడుపులో ఉన్నెప్పుడు నాకు మూడు నెలలు అన్నం సయించల్యా," అంది. "మా అక్క గుట్ట దిగొచ్చి ఈ పండ్లే పెట్టి నన్ను బతికిచ్చింది. నీ ఒంట్లో ఉండేది ఇదే. నీ బుక్కులో అది రాసుండారా?"

రాసి లేదు. తల వంచుకుని నిలబడ్డాను. నాకు అంత సిగ్గు వేసిన రోజు మళ్ళీ లేదు.

ఆపైన గంటసేపు చూద్దామన్నారు, సెట్టి వాచీ లెక్కన. ముప్పై మంది మగవాళ్ళు ఒక ఆడమనిషి చస్తుందా బతుకుతుందా అని కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నారు. అమ్మ మాత్రం అవ్వతో, అవతలి వాలులో ఈసారి పూత బాగుందా, మా అక్క పండ్లు కోయడానికి వస్తూ ఉండిందా, దాని మోకాళ్ళు ఎట్లున్నాయి అని అడుగుతూ తింటూనే ఉంది. మధ్యలో ఒకసారి నవ్వితే నాలుక నల్లగా కనిపించింది. వెంటనే ఒకాయన లేచి విషం ఎక్కుతోందన్నాడు. అవ్వ ఆయన్ని ఏ మాట అన్నదో ఇక్కడ రాయలేను. అరగంట దాటగానే అమ్మ ఇంటికి మనిషిని పంపి తన సంచి తెప్పించుకుంది. గంట కాగానే లేచి, చీర దులుపుకుని, ఇంక నేను పోతాండా అంది.

కుర్చీ మామ లేచాడు. కుర్చీ వదిలి, వీపు వెనక గోడ లేకుండా అంత దూరం ఆయన నడవడం చాలామంది అదే మొదటిసారి చూశారు. గంప దగ్గర వంగి ఒక పండు నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. చిన్నప్పటి రుచి నాలుక మీదికి వచ్చినట్టుంది, ఆ తర్వాత లెక్క మరిచిపోయాడు. దాంతో మిగతావాళ్ళు గంప మీద పడ్డారు. ఏకాదశి సెట్టి అందరికంటే ముందున్నాడు. పచ్చికాయలు మాత్రం ముట్టవద్దనీ, అవి పచ్చడికని లోపలికి పంపాలనీ మామ గద్దించాడు. పులివెందులలో పాతదిగా కొన్న మామ జీపులో అమ్మను పంపడానికి నిర్ణయమైంది. తోడు ఎవరు పోవాలి అంటే మొన్నటిదాకా తొడగొట్టిన వాళ్ళంతా చెప్పులు వెతుక్కున్నారు. చదువుకున్నోణ్ణి ఎవరూ ఏమీ చేయరులే అని నన్ను ఎక్కించారు.

గుట్ట దారి నాలుగేళ్ళుగా ఎవరూ నడవక సగం పొదలతో మూసుకుపోయింది. ముళ్ళు జీపును రెండు వైపులా గీకాయి. నేను అమ్మ పక్కన కూర్చుని ఏదైనా అనాలని చూశాను. అమ్మ దారి తప్ప ఇంకేమీ చూడలేదు. అవతలి ఊరి మొదట్లోనే జనం గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు పెద్దమ్మ. నాలుగేళ్ళలో తల సగం నెరిసింది. అమ్మ జీపు ఆగకముందే దిగింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు గాని ఒకరినొకరు తాకలేదు, ఏడవలేదు. అమ్మ ఏదో అనబోయింది. పెద్దమ్మ చూసి నవ్వింది. పెద్దమ్మ నాలుక కూడా నల్లగా ఉంది.

ఆ ఊళ్ళో బాటనీ చదివినవాడు లేడు గాని, ఏదో ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి వచ్చినవాడు ఒకడున్నాడు. మా ఊరినుంచి పోయిన గంపను చూసి, ఆ తెల్లని పాలు రక్తంలో కలిస్తే గుండె ఆగిపోతుందని చెప్పాడట. వాళ్ళ నాయకుడు తినలేదు, వాళ్ళ పెద్దమనుషులు తినలేదు. పెద్దమ్మ పోయి గంప ముందు కూర్చుందట. గుట్టకు అటు ఒక చదువుకున్న వెధవ, ఇటు ఒక చదువుకున్న వెధవ. నాకు వాణ్ణి చూడాలనిపించింది. వాడు గుంపు వెనకాల, నాలాగే ముఖం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వూ తిన్యావా క్కా?" అంది అమ్మ.

"తినకుంటే నువ్వు ఎట్ల వచ్చేదానివి?" అంది పెద్దమ్మ.

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

రాజీ పదకొండు నెలలు నిలిచింది, మా లెక్కలో అది చాలా ఎక్కువే. ఆ తర్వాత ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో తేలారు. అందరూ ఇక శాశ్వతంగా శాంతి వచ్చిందనుకున్నారు. కాని ఒకే పార్టీలో మండలం పదవి ఒక్కటే ఉంటుంది. వేరు వేరు పార్టీల్లో ఉన్నప్పటి కంటే ఎక్కువ గొడవ అయింది. గుట్ట దారి మళ్ళీ మూసుకుంది. ఈసారి కలివి గంపల మాట ఎత్తడానికి సెట్టికి ఓపిక లేదు, ఆయన మండీ పత్తికి మారింది. మామ చెబుతాడనుకున్న ఉద్యోగం నాకు రాలేదు, ఆ ఖాళీ కూడా ఏ పార్టీదో నాకు తెలియలేదు. నా అంతట నేనే తిరిగి తిరిగి ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో బాటనీ చెప్పే పని సంపాదించుకుని, బంగారు అంగళ్ళ వెనక సందులో మేడ మీద ఒక గది తీసుకున్నాను. ఆ గది ఏ వర్గానిదీ కాదు.

అది మా అమ్మే ముందు కనిపెట్టింది. నెలకొకసారి అమ్మకు కళ్ళు కనిపించవు, పెద్దమ్మకు మోకాళ్ళు నొప్పి పుడతాయి. ఇద్దరూ ప్రొద్దుటూరు డాక్టరుకు చూపించుకోవాలంటూ బయలుదేరతారు. ఒకరు డ్రైవరు వెనక వరుసలో, ఇంకొకరు ఎదుటి వరుసలో, ఒకే బస్సులో ముఖాలు తిప్పుకుని వస్తారు. బస్టాండులో విడివిడిగా దిగి, విడివిడిగా సందు తిరిగి, మేడ మెట్లు ఎక్కుతారు. లోపలికి పోయి తలుపు వేసుకుంటారు. నన్ను బయట కూర్చోమంటారు. గుట్టకు ఇరువైపుల వాళ్ళెవరైనా బజారుకు వచ్చి ఇటు చూస్తారేమో కనిపెట్టి ఉండాలన్నమాట. నేను మెట్ల మీద కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, దిద్దుతున్నట్టు నటిస్తూ కాపలా కాసేవాణ్ణి. ఎవరైనా అడిగితే లోపల ట్యూషన్ జరుగుతోందని చెప్పేవాణ్ణి. తలుపు వెనకనుంచి ముందు గుసగుసలు, తర్వాత నవ్వులు వినిపించేవి. చాలాసార్లు నా భూతద్దం గురించే, నా టమాటా గురించే. చివర్లో కళ్ళు తుడుచుకుని, ఒకరు పోయిన కాసేపటికి ఒకరు మెట్లు దిగేవారు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సన్మానంలో నా విజ్ఞానాన్ని గురించి నలుగురు మాట్లాడారు, ఎవరేమన్నారో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ మెట్ల మీది మధ్యాహ్నాలు మాత్రం గుర్తున్నాయి. ఒళ్ళో కాగితాలతో, చెమటతో, వీధి వైపు చూస్తూ కూర్చున్న ఆ కుర్రవాడు ఇప్పుడు నాకు ఎదురుపడితే, లేవమనను. అక్కడే కూర్చో నాయనా, నీ చదువుకు తగిన ఉద్యోగం ఇన్నాళ్ళకు దొరికింది అంటాను.